కలువల కొలను, కొలను ఫైలు – క్లాడ్ మోనే జీవితంలో చివరి అధ్యాయం

ఈ ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి వ్రాయమని సంపాదకవర్గం వారు కోరారు. చరిత్ర అనగానే మనకు రాజులు, యుద్ధాలు, శాసనాలు గుర్తుకు వస్తాయి. వాటిని గురించి వ్రాయగల పెద్దలు మన సంఘంలోనే ఉన్నారు. ముప్పై ఏళ్ళకు పైగా రెవిన్యూ శాఖలో గుమాస్తాగా పనిచేసి, నీటి తగాదాల ఫైళ్ళతో కాలం గడిపిన నాకు మాత్రం ఒక కొలను చరిత్ర వ్రాయాలనిపించింది.

ఆ కొలను మన దేశంలోది కాదు. ఫ్రాన్సులో, పారిస్ నగరానికి సుమారు 75 కిలోమీటర్ల దూరాన జివెర్నీ అనే పల్లెటూరిలో ఉంది. పెద్దది కూడా కాదు. మన వైపు అలాంటిదాన్ని చెరువు అనరు, కుంట అంటారు. కాని ఆ కుంట గట్టున ఒక మనిషి దాదాపు ముప్పై సంవత్సరాలు తిరిగాడు. సుమారు 250 వర్ణచిత్రాలు వేశాడు. వాటిలో అన్నింటికంటె పెద్దవాటిని డెబ్బై మూడో ఏటి తరువాత, కంటిచూపు తగ్గిపోతున్న కాలంలో వేశాడు. ఆయన పేరు క్లాడ్ మోనే. పెన్షనర్ మిత్రులు ఈయన కథ తెలుసుకోవడం మంచిదని నా అభిప్రాయం.

అద్దె ఇంటి నుంచి సొంత ఇంటికి

మోనే 1840 నవంబరు 14న పారిస్‌లో పుట్టాడు. పెరిగింది లె హావ్ర్ అనే సముద్రపు రేవులో. ఆ రేవును సూర్యోదయ వేళ చూసి 1872లో ఒక చిత్రం వేశాడు. 1874లో జరిగిన ప్రదర్శనలో ఆ చిత్రం పేరును పట్టుకుని ఒక విమర్శకుడు ఎగతాళిగా అన్న మాటే తరువాత ఆ చిత్రకారులందరికీ పేరైంది. ఇంప్రెషనిస్టులు అని నేడు లోకమంతా గౌరవంగా పిలుస్తున్నది వారినే.

గౌరవం తరువాత వచ్చింది. అంతకు ముందు చాలా కాలం అప్పులు, అద్దె బకాయిలు, స్నేహితులకు డబ్బు కోసం ఉత్తరాలు. మొదటి భార్య కమీల్ 1879లో చనిపోయింది. 1883లో, నలభై రెండో ఏట, ఆయన జివెర్నీలో ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. తన ఇద్దరు కొడుకులు, ఆలిస్ ఓషెడే అనే ఆమె, ఆమె పిల్లలు ఆరుగురు, అందరూ కలిసి ఒకే ఇంట్లో కాపురం పెట్టారు. ఆలిస్‌ను ఆయన 1892లో వివాహం చేసుకున్నాడు. చిత్రాలు అమ్ముడుపోవడం మొదలైన తరువాత 1890లో అదే ఇంటిని 22,000 ఫ్రాంకులకు కొన్నాడు. యాభయ్యో ఏట సొంత ఇల్లు! మనలో చాలామంది అనుభవం కూడా ఇదే గదా.

ఇల్లు సొంతమైన తరువాత ఆయన ధ్యాస తోట మీద పడింది. ఇంటి ముందు పూలతోట. దాని చివర ఒక రోడ్డు, రోడ్డును ఆనుకుని చిన్న రైలు మార్గం. రైలు పట్టాల అవతల చిత్తడి నేల, దాని ప్రక్కనే ఎప్ట్ నది నుంచి చీలి వచ్చే సన్నని పాయ. ఆ పాయను ఊరివాళ్ళు 'రూ' అనేవారు. 1893 ఫిబ్రవరిలో మోనే ఆ చిత్తడి నేలను కొన్నాడు. పాయ నుంచి నీరు మళ్ళించి అక్కడ ఒక కొలను తయారుచేయాలని ఆయన సంకల్పం.

దరఖాస్తు – అభ్యంతరం – ఉత్తర్వు

ఇక్కడ మనకు బాగా పరిచయమైన వ్యవహారం మొదలైంది. ప్రవహించే నీటిని మళ్ళించాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. ఫ్రాన్సులో జిల్లాకు ప్రిఫెక్ట్ అనే అధికారి ఉంటాడు. మన కలెక్టరు వంటి వాడనుకోవచ్చు. జివెర్నీ యూర్ జిల్లాలోది. ఆ జిల్లా ప్రిఫెక్టుకు 1893 మార్చిలో మోనే దరఖాస్తు పెట్టుకున్నాడు. పాయకు తూము పెట్టి, కొలనులో నీరు మారడానికి కావలసినంత మాత్రమే తీసుకుంటానని విన్నవించుకున్నాడు. నీటి మొక్కలు పెంచడానికీ, కంటికి ఆనందంగా ఉండడానికీ, బొమ్మలు వేసుకోవడానికి ఒక దృశ్యంగానూ ఈ కొలను కావాలని కారణం చూపించాడు.

నా సర్వీసులో నీటి కోసం వచ్చిన అర్జీలు ఎన్నో చూశాను. పొలానికి, తోటకు, ఇటుక బట్టీకి, గుడి కోనేటికి కూడా అడిగారు. బొమ్మలు వేసుకోవడానికి నీళ్ళు ఇప్పించండి అని అడిగిన అర్జీ ఒక్కటీ నా బల్ల మీదకు రాలేదు. వచ్చి ఉంటే ఏ పద్దు క్రింద నమోదు చేయాలో తెలియక నాలుగు సెక్షన్లు తిప్పేవాళ్ళం.

ఊరివాళ్ళు అభ్యంతరం చెప్పారు. ఆ పాయ నీళ్ళే వాళ్ళ పశువులు తాగేవి, ఆ నీళ్ళలోనే వాళ్ళ ఆడవాళ్ళు బట్టలు ఉతికేవారు. ఎక్కడెక్కడి దేశాల నుంచో ఈ పెద్దమనిషి విచిత్రమైన మొక్కలు తెప్పించి వేస్తాడు, నీరు విషమైపోతుంది, పశువులు చస్తాయి అని వాళ్ళ భయం. ఆయువుపట్టు వంటి నీటి విషయంలో ఎవరు మాత్రం జాగ్రత్తపడరు? వాళ్ళను మూఢులని నేను అనను. దిగువ రైతుకు ఎగువ తూము మీద అనుమానం ఏ దేశంలోనైనా సహజం.

ఆ సమయంలో మోనే రూవాన్ పట్టణంలో ఉండి, అక్కడి పెద్ద చర్చి ముఖద్వారాన్ని చిత్రిస్తున్నాడు. గొడవ సంగతి విని విసిగిపోయి, తెచ్చిన నీటి మొక్కల్ని నదిలో పారేయమని భార్యకు ఉత్తరం వ్రాశాడు. కోపం చల్లారిన తరువాత, మనం అందరికీ ఇచ్చే సలహానే తానూ పాటించాడు. మరొక అర్జీ పెట్టాడు. జూలైలో ప్రిఫెక్టుకు వ్రాసిన ఆ ఉత్తరంలో, తాను నాటబోయేవి కలువలు, రెల్లు, ఐరిస్ వంటివేననీ, అవి ఆ నది ఒడ్డున సహజంగా పెరిగే జాతులేననీ, నీరు పాడయ్యే ప్రసక్తి లేదనీ వివరించాడు. అదే నెలలో అనుమతి మంజూరైంది. అర్జీకి, ఉత్తర్వుకు మధ్య పట్టినది సుమారు నాలుగు నెలలు. ఏ కాలపు ప్రమాణాల ప్రకారం చూసినా ఇది ఆలస్యం కాదు.

పేరు తెలియని ఏ గుమాస్తానో ఆ కాగితాలను పేర్చి, అభ్యంతరాలను సంక్షేపించి, పై అధికారి సంతకానికి పెట్టి ఉంటాడు. తన చేతుల మీదుగా ఏమి వెళుతున్నదో అతనికి తెలిసే అవకాశం లేదు. ఉద్యోగంలో మనం త్రోసివేయకుండా పంపిన కాగితాల ఫలితం ఎప్పుడు, ఎక్కడ తేలుతుందో మనకు తెలియదు. ఈ కథలో నాకు మొదట నచ్చిన సంగతి అదే.

కలువలా? తామరలా?

మన పత్రికల్లో మోనే చిత్రాలను గురించి వ్రాసేటప్పుడు కొందరు 'తామరలు' అని వ్రాస్తుంటారు. అవి తామరలు కావు, కలువలు. తామరాకు, తామర పువ్వు కాడ మీద నీటికి పైకి లేచి నిలబడతాయి. కలువ ఆకు నీటి మీద పళ్ళెంలా పరుచుకుంటుంది. మోనే చిత్రాల్లో ఈ తేడా ముఖ్యం. ఆకులు నీటిమీద పడుకుని ఉండడం వల్లనే వాటి మధ్య ఖాళీల్లో ఆకాశం, మబ్బులు, చెట్ల నీడలు కనిపిస్తాయి.

ఇంకొక తేడా కూడా ఉంది. మన కవులకు తామర సూర్యుడికి, కలువ చంద్రుడికి చెందినవి. జివెర్నీ కలువలు మాత్రం పగటివేళ విచ్చుకుని సాయంకాలానికి ముడుచుకునేవి. వాటిని పెంచినవాడు లాతూర్-మార్లియాక్ అనే పెద్దమనిషి. దక్షిణ ఫ్రాన్సులో 1875లో నీటి మొక్కల నర్సరీ స్థాపించి, చలిదేశాల తెల్ల కలువను వేడిదేశాల రంగు కలువలతో సంకరపరచి, చలికి తట్టుకునే పసుపు, గులాబి, ఎరుపు కలువల్ని సృష్టించాడు. 1889లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో వాటిని పెట్టాడు. ఈఫెల్ టవరు కట్టిన ప్రదర్శన అదే. మోనే ఆ నర్సరీకే ఆర్డరు పెట్టి మొక్కలు తెప్పించుకున్నాడు.

కొలను మీద విల్లులా వంగిన చెక్క వంతెన ఒకటి కట్టించి ఆకుపచ్చ రంగు వేయించాడు. అది జపాను పద్ధతి. జపాను చెక్క ముద్రణ చిత్రాలంటే ఆయనకు ప్రాణం, రెండు వందలకు పైగా సేకరించాడు. గట్టున వెదురు, కొమ్మలు నీటిలోకి వేలాడే విల్లో చెట్లు నాటించాడు. 1901లో మరికొంత నేల కొని కొలనును విస్తరింపజేశాడు. తోటమాలి ఒకడు ప్రత్యేకించి కొలను పని మీదే ఉండేవాడు. పడవలో తిరిగి ఎండుటాకులు ఏరడం, నాచు తీయడం, ఆకుల మీద దుమ్ము కడగడం అతని విధి. రోడ్డు మీద మోటారు కార్లు ఎక్కువై దుమ్ము కలువల మీద పడుతున్నదని, మోనే తన ఖర్చుతో ఆ రోడ్డుకు తారు వేయించాడు.

ఒకే చోటు, రోజుకొక దృశ్యం

కొలను త్రవ్వించిన వెంటనే ఆయన బొమ్మలు మొదలుపెట్టలేదు. మొక్కలు నిలదొక్కుకోవాలి, తాను చూడడం అలవాటు చేసుకోవాలి. వంతెన చిత్రాలు వరుసగా వేయడం 1899లో గాని ప్రారంభం కాలేదు. అంటే అనుమతి వచ్చిన ఆరేళ్ళకు. రోజూ వెళ్ళాడు, చూశాడు, తిరిగి వచ్చాడు.

ఒకే వస్తువును అనేకసార్లు చిత్రించడం ఆయనకు అంతకు ముందే ఉన్న పద్ధతి. 1890–91లో పొలాల్లోని గడ్డివాములను వరుసగా వేశాడు. 1891లో ఎప్ట్ ఒడ్డున పాప్లర్ చెట్లను వేస్తుండగా ఆ చెట్లను ప్రక్క ఊరివారు వేలం వేశారు. చిత్రాలు పూర్తయ్యే దాకా చెట్లు కొట్టవద్దని కలప వ్యాపారికి మోనే డబ్బు ఇచ్చాడు! ఆ తరువాత రూవాన్ చర్చి. పొద్దున్నే వేసే పటం వేరు, మధ్యాహ్నపు పటం వేరు. వెలుతురు మారగానే ఒక పటం ప్రక్కన పెట్టి ఇంకొకటి ఎత్తుకునేవాడు. రేపు అదే వేళకు మళ్ళీ మొదటిది. మనం సెక్షన్లో ఒక ఫైలు ప్రక్కన పెట్టి మరొక ఫైలు తీసినట్లే ఉంటుంది ఈ పని.

కొలను చిత్రాలను వేసిన వరుసలో చూస్తే ఒక విషయం స్పష్టంగా కనిపిస్తుంది. 1899 నాటి చిత్రాల్లో వంతెన ఉంది, గట్టు ఉంది, చెట్లున్నాయి. ఇది ఫలానా చోటు అని గుర్తుపట్టవచ్చు. 1904, 1905 నాటికి వంతెన పోయింది, గట్టు పటం పైభాగాన సన్నని అంచుగా మిగిలింది. తరువాత అదీ లేదు. నీరే పటమంతా. ఆ నీటిలో మబ్బు తలక్రిందులుగా ఉంటుంది, దాని మీదుగా కలువలు తేలుతుంటాయి. ఏది పైన ఉన్నదో ఏది క్రింద ఉన్నదో చూసేవాడే తేల్చుకోవాలి. సంవత్సరాల తరబడి వెళ్ళిన కొద్దీ ఆయన చూపు గట్టు మీది నుంచి నీటి మీదకు దిగింది. ఒక్కసారి చూసి వెళ్ళిపోయే యాత్రికుడికి వంతెన కనిపిస్తుంది. ప్రతిరోజూ వెళ్ళేవాడికే నీరు కనిపిస్తుంది.

1909లో పారిస్‌లోని ద్యురాన్-రుయెల్ చిత్రశాలలో ఈ కలువల చిత్రాలు 48 ప్రదర్శనకు పెట్టారు. ఆ ప్రదర్శన అంతకు ముందే జరగవలసింది. తృప్తి కలగక మోనే పదే పదే వాయిదా వేయించాడు. 1908లో ఎన్నో పటాలను తన చేతులతోనే నాశనం చేశాడు. అప్పటికి ఆయన వయస్సు అరవై ఏడు. పేరు, డబ్బు రెండూ ఉన్నాయి. అయినా బాగా లేనిదాన్ని బాగుందని తనకు తాను చెప్పుకోలేదు.

డెబ్బై మూడో ఏట

ఆ తరువాత వరుసగా దెబ్బలు తగిలాయి. 1910 జనవరిలో సేన్ నదికి వచ్చిన పెద్ద వరదలో కొలను, తోట మునిగిపోయాయి. 1911లో భార్య ఆలిస్ మరణించింది. 1912లో కళ్ళకు శుక్లాలు వచ్చాయని వైద్యులు చెప్పారు. 1914 ఫిబ్రవరిలో పెద్ద కొడుకు జాన్ చనిపోయాడు. ఈ సంవత్సరాల్లో ఆయన కుంచె దాదాపు ముట్టలేదు.

మా ఇంట్లో ఆవిడ పోయిన సంవత్సరం నేను తపాలా వస్తే విప్పకుండా బల్ల మీద పడేసేవాణ్ణి. అందుచేత మోనే జీవితంలో ఈ మూడేళ్ళ ఖాళీని గురించి చదివినప్పుడు నాకు వ్యాఖ్యానం అవసరం లేకపోయింది. సంఘ సభ్యుల్లో ఈ స్థితి ఎరిగినవారు చాలామంది ఉన్నారు.

ఆ స్థితిలో ఆయనకు దిక్కైనవారు ఇద్దరు. ఒకరు బ్లాంష్. ఆలిస్ కూతురు, జాన్ భార్య, స్వయంగా చిత్రకారిణి. భర్తను పోగొట్టుకున్న ఆమె, భార్యను, కొడుకును పోగొట్టుకున్న ఆ వృద్ధుడి దగ్గరే ఉండి, చివరిదాకా ఇల్లు నడిపింది. రెండవవారు పాత స్నేహితుడు జార్జి క్లెమెన్సో. చదివింది వైద్యం, చేసింది రాజకీయం. ఫ్రాన్సు ప్రధానిగా రెండుసార్లు పనిచేసిన మనిషి. తిరిగి పని మొదలుపెట్టమని మోనేను ఆయన ప్రోత్సహించాడు.

1914లో మోనే మొదలుపెట్టాడు. ఈసారి గోడకు తగిలించుకునే పటాలు కాదు. గది నాలుగు ప్రక్కలా చుట్టివచ్చే ఫలకాలు, ఒక్కొక్కటి రెండు మీటర్ల ఎత్తు. లోపలికి వచ్చినవాడు కొలను మధ్యలో నిలబడినట్లుండాలని ఆలోచన. వాటికోసం పై నుంచి వెలుతురు వచ్చే పెద్ద షెడ్డు కట్టించాడు. ఫలకాలను జరపడానికి చక్రాల స్టాండ్లు చేయించాడు.

అదే సంవత్సరం ఆగస్టులో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఊరు ఖాళీ అవుతున్నా ఆయన కదలలేదు. రెండవ కొడుకు మిషెల్ సైన్యంలో ఉన్నాడు. అంతమంది బాధపడుతూ చనిపోతుండగా తాను రంగులను గురించి ఆలోచించడం సిగ్గుగా ఉందని స్నేహితుడికి వ్రాశాడు. అయినా పని ఆపలేదు. తనకు చేతనైన పని అది ఒక్కటే.

యుద్ధం 1918 నవంబరు 11న ముగిసింది. ఆ మరునాడే మోనే క్లెమెన్సోకు ఉత్తరం వ్రాశాడు. అప్పుడు క్లెమెన్సో ప్రధానమంత్రి. రెండు అలంకార ఫలకాలు పూర్తికావస్తున్నాయని, వాటిని తన ద్వారా దేశానికి సమర్పించుకుంటానని ఆ ఉత్తర సారాంశం. ఇంకో రెండు రోజుల్లో ఆయనకు డెబ్బై ఎనిమిది నిండుతాయి.

కళ్ళు

ఆనాటి శుక్లాల ఆపరేషన్ ఈనాటిది కాదు. ఈనాడు పొద్దున్న వెళ్ళి సాయంకాలానికి ఇంటికి వస్తున్నాము. పొర వచ్చిన కటకం తీసి దాని స్థానంలో క్రొత్త కటకం అమర్చుతున్నారు. ఆ విధానం 1949లో ఇంగ్లండులో మొదలైంది. మోనే కాలంలో కటకం తీసివేయడమే గాని పెట్టడం లేదు. ఆపరేషన్ తరువాత రోజుల తరబడి కదలకుండా పడుకోవాలి. ఆ పైన అద్దాల మందం చూస్తేనే భయం వేసే కళ్ళజోడు. అందుకే ఆయన పది సంవత్సరాలు వాయిదా వేశాడు.

శుక్లం ముదిరిన కంటికి లోకం పసుపుగా, గోధుమ రంగుగా కనిపిస్తుంది. నీలం తగ్గిపోతుంది. ఏ రంగు ఏదో తెలియడానికి మోనే గొట్టాల మీది పేర్లు చూసుకునేవాడు. పలక మీద రంగులను ఎప్పుడూ ఒకే వరుసలో పెట్టుకునేవాడు. ఆ కాలంలో వేసిన వంతెన చిత్రాల్లో ఎరుపు, గోధుమ, ముదురు పసుపు రంగులు మంటల్లా కనిపిస్తాయి. 1899 నాటి ఆకుపచ్చని వంతెన ఇదేనా అనిపిస్తుంది. 1922 నాటికి కుడి కన్ను దాదాపు పనిచేయలేదు. క్లెమెన్సో పట్టుబట్టాడు. 1923లో, ఎనభై రెండో ఏట, డాక్టర్ కుతేలా కుడి కంటికి ఆపరేషన్ చేశాడు. తరువాత చాలా నెలలు మోనే అవస్థపడ్డాడు. ఒకప్పుడు అంతా పసుపు, ఒకప్పుడు అంతా నీలం. వైద్యుడి మీద కోపం. రకరకాల అద్దాలు మార్చారు. ఎడమ కంటికి ఆపరేషన్ ససేమిరా వద్దన్నాడు.

నాకు రెండేళ్ళ క్రితం ఈ ఆపరేషన్ జరిగింది. కట్టు విప్పిన రోజు మా వంటింటి గోడ తెల్లగా ఉన్నదని తెలిసింది. అప్పటిదాకా మీగడ రంగు అనుకుంటున్నాను. ఆకాశం నీలం చూసి కొంచెం సేపు వసారాలోనే నిలబడిపోయాను. గుమాస్తాకు గోడ రంగు ఎలా కనిపించినా ఒకటే. జీవితమంతా రంగునే నమ్ముకున్న మనిషికి తన కళ్ళే తనకు రెండు రకాల సాక్ష్యం చెబితే ఆయన పడిన కష్టం ఊహించండి.

దానపత్రం

రెండు ఫలకాలుగా మొదలైన కానుక పెరిగింది. ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. ముందు ఒకచోట క్రొత్త భవనం అనుకున్నారు, ఖర్చు ఎక్కువని మానుకున్నారు. చివరకు పారిస్ నడిబొడ్డున త్యూలరీ తోటలోని ఓరాంజరీ భవనం ఖరారైంది. అది 1852లో, చలికాలంలో నారింజ చెట్ల కుండీలను లోపల పెట్టడానికి కట్టిన కట్టడం. 1922 ఏప్రిల్ 12న దానపత్రం మీద సంతకాలయ్యాయి. ఫలకాలను కదల్చరాదు, మెరుగు నూనె పూయరాదు, ఆ గదుల్లో ఇంకెవరి కళాఖండమూ పెట్టరాదు అని షరతులు.

ఇంకొక షరతు కూడా ఉంది. ఆయన యువకుడిగా వేసిన 'తోటలో స్త్రీలు' అన్న పెద్ద చిత్రాన్ని 1867లో ప్రభుత్వ ప్రదర్శన వారు తిరస్కరించారు. ఆ చిత్రాన్ని ఇప్పుడు ప్రభుత్వమే కొనాలన్నాడు. 1921లో రెండు లక్షల ఫ్రాంకులకు కొన్నారు. యాభై నాలుగు సంవత్సరాల తరువాత అప్పీలు గెలిచినట్లయింది!

ఫలకాలు అప్పగించడానికి ఇచ్చిన గడువు రెండేళ్ళు. గడువు దాటింది. ఇంకా బాగుచేయాలి, ఇంకా చూడాలి అంటూ మోనే ఇవ్వలేదు. ఒక దశలో దానాన్ని రద్దు చేసుకుంటానన్నాడు. క్లెమెన్సోకు పట్టరాని కోపం వచ్చింది, అయినా స్నేహం తెగలేదు. 1926 డిసెంబరు 5న, ఎనభై ఆరో ఏట, మోనే జివెర్నీలోనే కన్నుమూశాడు. శవపేటిక మీద కప్పిన నల్లబట్టను చూసి క్లెమెన్సో సహించలేక, దాన్ని తీసివేసి పూల గుడ్డ కప్పించాడని చెప్పుకుంటారు. 1927 మే 17న ఓరాంజరీలో రెండు కోడిగ్రుడ్డు ఆకారపు గదులు తెరిచారు. ఎనిమిది దృశ్యాలు, ఇరవై రెండు ఫలకాలు, సుమారు రెండు వందల చదరపు మీటర్ల నీరు.

లోకం వెంటనే బ్రహ్మరథం పట్టలేదు. చాలా కాలం ఆ గదులకు వచ్చేవారే తక్కువ. 1960లలో పైన ఒక అంతస్తు కట్టి, ఆయన కోరిన సహజమైన వెలుతురును కూడా మూసివేశారు. 2000 నుంచి 2006 దాకా మరమ్మతులు చేసి మళ్ళీ కప్పు తెరిచారు. జివెర్నీ తోట కథా అంతే. మిషెల్ 1966లో చనిపోతూ దాన్ని ఫ్రెంచి లలితకళల అకాడమీకి వ్రాసిపెట్టాడు. అప్పటికి తోట అడవి అయింది, వంతెన కుళ్ళిపోయింది. 1977 నుంచి బాగుచేయించి 1980లో ప్రజలకు తెరిచారు.

2019లో మా అమ్మాయి కుటుంబంతో నేను ఆ ఓరాంజరీ చూశాను. గదుల మధ్య బల్లలు వేసి ఉన్నాయి. మొదట దగ్గరకు వెళ్ళి చూస్తే అంతా చిందరవందర గీతలు. మనుమడు 'ఇదేమిటి తాతయ్యా, పూర్తి చేయలేదా?' అని అడిగాడు. వెనక్కు వచ్చి బల్ల మీద కూర్చుని పది నిమిషాలు చూశాక గీతలు నీరయ్యాయి. ఇంతలో బయట మబ్బు పట్టినట్లుంది, కప్పు నుంచి వచ్చే వెలుతురు తగ్గి గోడ మీది కొలను కూడా మసకబారింది. మనుమడు మళ్ళీ ఆ ప్రశ్న వేయలేదు.

మనకు సంబంధించిన మాట

మిత్రులారా, మనందరం మోనేలం కాలేము, కానక్కరలేదు కూడా. ఆయనకు డబ్బుంది, తోటమాలులున్నారు, ప్రధానమంత్రి స్నేహితుడు. కాని వృద్ధాప్యంలో ఆయనకు జరిగిన వాటిలో మనకు జరగనిదేముంది? తోడు పోవడం, బిడ్డ పోవడం, కళ్ళు మసకబారడం. ఆయన అదే కొలను దగ్గరకు మళ్ళీ వెళ్ళాడు. క్రొత్త దేశాలు చూడాలని కాదు, చూసినదాన్నే ఇంకా సరిగా చూడాలని.

పదవీ విరమణ చేసిన మొదటి నెలలో మనకు ఎక్కడకు పోవాలో తెలియదు. పది గంటలయ్యేసరికి కాళ్ళు ఆఫీసు వైపే లాగుతాయి. ఆ కాళ్ళకు ఒక చోటు చూపించడం అవసరం. మా ఊరి చెరువు గట్టు మీద నేను నడవడం మొదలుపెట్టి పదేళ్ళు దాటింది. పాత ఆఫీసు అలవాటు కొద్దీ, సంవత్సరానికొక డైరీలో రోజుకు రెండు పంక్తులు వ్రాసుకుంటున్నాను. ఏ మెట్టు దాకా నీరుంది, లకుముకి పిట్ట వచ్చిందా, గుర్రపుడెక్క ఎంత మేర ప్రాకింది, ఆక్రమణలు ఎక్కడిదాకా జరిగాయి. అది కళ అని నేను అనను. కాని మొన్న మా మునిసిపాలిటీ వారికి చెరువు హద్దును గురించి మన మిత్రులు నలుగురం కలిసి అర్జీ ఇచ్చినప్పుడు, ఏ సంవత్సరంలో నీరు ఎక్కడిదాకా వచ్చిందో చెప్పడానికి పనికివచ్చిన కాగితం ఆ డైరీ ఒక్కటే. అర్జీ ఇంకా పరిశీలనలో ఉంది. జివెర్నీ అర్జీకి నాలుగు నెలలు పట్టింది గనుక, మనం కూడా ఓపిక పట్టవచ్చు.

ఊరి చెరువో, గుడి కోనేరో, కాలువ రేవో, పెరటిలో నీళ్ళ తొట్టో ఏదైనా సరే, ఒక చోటు ఎంచుకోండి. బొమ్మ వచ్చినవారు బొమ్మ వేయండి, పద్యం వచ్చినవారు పద్యం వ్రాయండి. ఏదీ రానివారు తేదీ వేసి, చూసినది చూసినట్లు వ్రాయండి. తేదీ వేయడం మనకు ఒకరు నేర్పనక్కరలేదు. వచ్చే సంవత్సరం ప్రత్యేక సంచికకు వాటిని పంపితే సంపాదకవర్గం వారు కాదనరని నా నమ్మకం.